గుంత పక్కన గుంత

నీళ్లు లేని పెరట్లో తోట వేయడం గురించి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లలోనూ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మొదటి వాక్యమే అబద్ధం. మా ఆఫీసు తోటమాలికి నాకంటే బాగా తెలుసు. కానీ అతడు రాయడు, నేను రాస్తాను. లోకంలో నిపుణులు తయారయ్యేది ఈ పద్ధతిలోనే.

మొక్కల వ్యవహారం చూసే ఒక సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఏ ఆఫీసో చెప్పను. చెబితే అక్కడ పనిచేసినవాళ్లు నొచ్చుకుంటారు, పనిచేయనివాళ్లు ఇంకా ఎక్కువ నొచ్చుకుంటారు. మా ఇంటి పెళ్లిపత్రికల్లో నా పేరు కింద ‘అధికారి’ అని వేయించుకున్నాను. నిజానికి నేను అధికారి వెనక సంచీ మోసే సహాయకుణ్ణి. సంచీలో టేపు, నాలుగు రంగు పెన్సిళ్లు, చుట్టచుట్టిన చార్టు కాగితం ఉండేవి.

ఇప్పుడు మీ కుర్రవాళ్లు పెరటితోట అనగానే ఫోను తీస్తున్నారు. ఏదో ఎడారి దేశంలో ఎవడో తెల్లటి గులకరాళ్లు పరిచి, మధ్యలో ముండ్ల మొక్క పెట్టి, పక్కన నిలబడి నవ్వుతుంటాడు. మీరు దాన్ని చూసి మీ అమ్మ మునగచెట్టు కొట్టేయిస్తారు. మిమ్మల్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. నవ్వడానికి నాకు హక్కు కూడా ఉంది. మీ చేతుల్లోకి ఫోన్లు రాకముందే ఆ వెర్రిపనులన్నీ నేను చేసేశాను.

హిందూపురంలో ఒక పెద్దమనిషి బెంగళూరులో ఎవరింట్లోనో చూసొచ్చి, ఇంటి ముందర పచ్చగడ్డి పరుపు కావాలన్నాడు. ఆ ఇంట్లో తాగే నీళ్లకే ట్యాంకరు రావాలి. ‘గడ్డికి నీళ్లెక్కడివి స్వామీ?’ అని మొహం మీదే అడిగానని చాలామందికి చెప్పాను. అడగలేదు. ‘భేష్ సార్’ అన్నాను. వంగి, గడ్డి చుట్టలు నా చేతులతోనే విప్పి పరిచాను. ఉగాదికి అది కొబ్బరిపీచు రంగుకు తిరిగింది.

పెనుకొండలో కొండ కింద ఒక రిటైరైన హెడ్మాస్టరుగారి వాకిట్లో దానికి పూర్తిగా వ్యతిరేకమైన పని చేశాను. కంకర పరిపించి, నాలుగు మూలలా జెముడు మొక్కలు పెట్టించి, మధ్యలో ఒక రాతిగుండు నిలబెట్టాను. మరుసటి పొద్దున ఎదురింటివాళ్లు వచ్చి ఆయన్ని మెల్లగా అడిగారట: “ఎవురు పోయినారు సామీ?”

ఇవన్నీ చిన్న తప్పులు. గడ్డి ఎండితే తీసి పారేయొచ్చు, గుండును దొర్లించేయొచ్చు. నేను చెప్పదలుచుకున్నది ధర్మవరం సంగతి.

మా ఆఫీసు ఆ ఏడాది తక్కువ నీళ్లతో బతికే నమూనా పెరడు ఒకటి తయారు చేయాలనుకుంది. పెరడు నేనే ఎంచాను. పట్టుచీరలు నేసే ఇల్లు. ఒక నేతగాడు, అతడి భార్య, అతడి తల్లి. ఆ తల్లిని వీధంతా అవ్వ అనేది, నేనూ అవ్వ అన్నాను, ఆమె నాకంటే మహా అయితే పదేళ్లు పెద్ద. కొళాయి నాలుగు రోజులకొకసారి వచ్చేది. పెరట్లో ఒక కరేపాకు చెట్టు, వంగిపోయిన మునగ, ఒక మల్లెపొద. నేతగాడి భార్యకు ఒక నిమ్మచెట్టు, నాలుగు కూరగాయలు కావాలి. ఎండాకాలంలో వాకిలి కొంచెం చల్లగా ఉండాలి. ఆమె అడిగింది అంతే.

నేను ఇచ్చినది మహాకావ్యం. చార్టు మీద ఎక్కువ నీళ్లు తాగేవి వంటింటి తూము దగ్గర, తక్కువ తాగేవి ప్రహరీ వెంబడి. ప్రతి మొక్క పక్కన కాల్చిన మట్టికుండ పాతి, మూత పెట్టి, అందులో నీళ్లు నింపడం. మొదళ్ల చుట్టూ చెనిక్కాయ పొట్టు, అంటే వేరుశెనగ పొట్టు, మందంగా పరచడం. ఇవి మంచి పనులే, ఇప్పటికీ అంటాను. చివరిది ఇంకుడు గుంత. మిద్దె మీద పడిన వాననీళ్లన్నీ గొట్టంలోంచి దిగి అందులో పడి భూమిలోకి ఇంకాలి. మిద్దె గొట్టం ఇంటి ఎడమ గోడకు ఉంది కాబట్టి గుంతను ఆ గోడకు ఆనుకుని గీశాను. నీలం పెన్సిలుతో గుండ్రంగా చాలా అందంగా వచ్చింది.

ఇంటిని మాత్రం బూడిదరంగు డబ్బాలాగా గీసి, మధ్యలో ‘ఇల్లు’ అని రాశాను. లోపల ఏముందో నాకెందుకు? నాది పెరటి ఉద్యోగం.

ఆ డబ్బాలోంచి మగ్గం చప్పుడు వస్తూనే ఉంది. నేను చార్టు పరిచి వివరిస్తుంటే ఆ చప్పుడుకు నా గొంతు నాకే వినబడలేదు. నాకు నా గొంతు వినబడకపోతే మహా బాధ.

“కాసేపు ఆపమనమ్మా,” అన్నాను.

నేతగాడి భార్య నన్నొకలాగా చూసింది. “ఆపితే యాడ కుదురుతాది సార్? పెండ్లి చీర అది. శ్రావణానికి ఇయ్యాల. ఒకే పడుగు మీద మూడు చీరలుండాయి. మా ఇంట్లో అన్నం ఆ మగ్గం రాట్ల మీద నిలబడి ఉండాది.”

రాట్లంటే మగ్గాన్ని నిలబెట్టే కర్రలు. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగదీసి బిగించే పట్టుపోగులు. వేల పోగులు. మగ్గం బెత్తెడు కదిలినా వాటి బిగువు పోతుంది. ఈ సంగతి ఆ రోజు నాకు తెలుసని మీతో అనొచ్చు. తెలియదు. మాది హిందూపురం పక్క పల్లె, సేద్యం ఇల్లు. పట్టుచీరను పెళ్లిలో దూరం నుంచి చూసినవాణ్ణే.

గుంత తవ్వడానికి ఇద్దరు కూలీలు వచ్చారు. కనగానపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే మా తోటమాలి కూడా ఉన్నాడు. ఆఫీసులో అందరం అతణ్ణి భాయ్ అనేవాళ్లం. గడ్డపార మొదటి పోటు పడగానే అవ్వ చీపురు పట్టుకుని వచ్చింది.

“ఆ గోడెంబడి తవ్వొద్దప్పా. ఆడ గుంత ఉండాది.”

ఈ ఒక్క మాట గురించే నేను ఇదంతా రాస్తున్నాను. సేద్యం ఇంట్లో పుట్టినవాడికి గుంత అంటే పేడగుంత, కసువు పోసే గుంత. నేత ఇంట్లో ఉత్తినే ‘గుంత’ అంటే ఒకటే. మగ్గం కింద, నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్లు దించుకునే గుంత. రెండడుగుల పైచిలుకు లోతు, మట్టి గోడలు. అక్కడే తొక్కుడు కర్రలు ఉంటాయి. దాని అంచులనే మగ్గం రాట్లు పాతి ఉంటాయి. అవ్వ చెప్పింది గోడకు అవతల ఉన్న ఆ గుంత. నేను విన్నది ఎప్పుడో పూడిపోయిన కసువు గుంత.

“పాత గుంత ఉంటే ఇంకా మంచిదే అవ్వా. నీళ్లు బిరీన ఇంకుతాయి.”

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఇంకుతాయి. యాడికి ఇంకుతాయో అది గూడా ఆ కాగితంలో రాసుకో.”

“ఇది శాస్త్రం అవ్వా.”

“శాస్త్రం ఐతే సరిపాయ,” అని చీపురు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

భాయ్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. “సార్, ఒకసారి ఇంటి లోపల చూసి వస్తామా?”

“లోపల ఏం చెట్లుండాయి?” అన్నాను. కూలీలు నవ్వారు. మంచి హాస్యం చెప్పానని ఆ రోజంతా ఉబ్బిపోయాను.

గుంత తయారైంది. అడుగున పెద్దరాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక. మొక్కలు నాటాం, కుండలు పాతాం. చెనిక్కాయ పొట్టు పరిచాం. మరుసటి పొద్దున వెళ్లి చూస్తే పొట్టు లేదు. అవ్వ కోడి కూయకముందే లేచి మొత్తం ఊడ్చి తగలబెట్టింది. మళ్లీ పరిచాం. మళ్లీ ఊడ్చింది.

“అవ్వా, అది చెట్లకు దుప్పటి లాంటిది.”

“ఈ ఎండలకు దుప్పటేందప్పా? నీకు కప్పి కూర్చోబెడతా, సూస్తావా?” అంది. కసువు పరిచిన వాకిలి చూసి నలుగురు ఏమనుకుంటారని ఆమె బాధ. ఆ పోట్లాట కోడలు తీర్చింది. పొట్టు మీద పలచగా ఎర్రమన్ను చల్లింది. అవ్వకు అది నేలలాగా కనబడింది, ఊడ్చడం మానేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు తట్టని ఉపాయం. తరువాత నేను దాన్ని నా సొంతమని రెండు శిక్షణ తరగతుల్లో చెప్పుకున్నాను.

ఇక మా పై అధికారి. కోస్తా నుంచి వచ్చినవాడు, నాకంటే చాలా చిన్నవాడు. మొక్క బతికిందా చచ్చిందా అన్నది ఆయనకు పెద్ద పట్టింపు కాదు, ఫోటోలో పడిందా లేదా అన్నదే పట్టింపు. మొదటి వానల రోజుల్లో ఒక మధ్యాహ్నం, జిల్లా ఆఫీసు నుంచి ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని జీపులో దిగాడు. జీపు ఆగిందో లేదో ఆకాశం నల్లబడింది. ఆ వాన నేనే ఏర్పాటు చేశానన్నంత గర్వంగా ఇంటి పంచలో నిలబడ్డాను.

కుండపోత. మిద్దె గొట్టం లావుపాటి ధారగా గుంతలోకి దూకింది. గుంత గడగడా తాగుతోంది.

“చూడండి సార్, ఒక్క చుక్క వీధిలోకి పోదు! పడిన చుక్క పడినట్టే భూమాత కడుపులోకి!”

పెద్దలు చప్పట్లు కొట్టారు. మా అధికారి వీడియో తీశాడు. సరిగ్గా అప్పుడే మగ్గం చప్పుడు ఆగింది. ఉపన్యాసానికి వీలుగా ఉందనుకున్నాను.

అవ్వ గడపలోకి వచ్చింది. “చప్పట్లు చాలుగానీ లోపలికి రాండి సార్లూ. మీ చుక్కలన్నీ ఈడుండాయి.”

ఆ ఇంట్లోకి నేను మొదటిసారి అడుగుపెట్టింది అప్పుడే.

మగ్గం గుంతలో మోకాలి లోతు ఎర్రనీళ్లు. తొక్కుడు కర్రలు తేలుతున్నాయి. మా గుంత వైపు మట్టి అంచు మెత్తబడి పెళ్లలుగా జారుతోంది. ఆ వైపు రాట ఒకటి పక్కకు వాలింది. దాంతో పడుగు ఒకవైపు వదులై, ఇంకోవైపు లాగిపట్టి, పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. పట్టుపోగు తెగితే చప్పుడు రాదు, వచ్చినా ఆ వానలో నాకు వినబడేది కాదు. నేతగాడు ఒక కాలు నీళ్లలో, ఒక కాలు గట్టు మీద పెట్టి, రెండు చేతులతో ఆ రాటను పట్టుకుని నిలబడ్డాడు. వదిలితే మగ్గం మొత్తం కూలుతుంది.

“ఇదేంటయ్యా?” అన్నాడు మా అధికారి నాతో.

ఇక్కడ ఆగి ఒక మాట చెబుతాను. పిల్లలూ, ఇక్కడ నేను నిజం చెప్పానని మా ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. చెప్పింది ఇదీ:

“ఊట సార్. భూగర్భజలం పైకొచ్చింది.”

“ఒక్క వానకేనా?”

“ఒక్క వానకే సార్. నమూనా పనిచేసింది.”

పెద్దలు వంగి ఆ బురదనీళ్లను గంగలాగా చూశారు. అధికారి ఫోను తీశాడు. “నువ్వు కొంచెం ఇటు తిరుగవయ్యా. కొంచెం నవ్వు,” అన్నాడు, రాట మోస్తున్న నేతగాడితో. అతడు తిరగలేదు, నవ్వలేదు. ఆ ఫోటోలో నవ్వుతున్నది నేనొక్కణ్ణే.

నా వెనక భాయ్ గొణిగాడు. “గోడలోంచి కారే ఊట ఇప్పుడే సూస్తాండా సార్.”

వాన తగ్గగానే జీపు కదిలింది. కదిలే ముందు అధికారి తల బయటపెట్టి, ఆ వీధిలో ఇంకో పది ఇళ్లలో ఇదే చార్టు ప్రకారం ఇలాంటి గుంతలే తవ్వించమన్నాడు. పది ఇళ్లూ నేత ఇళ్లే.

నేను చొక్కా విప్పి ముందుగా గుంతలోకి దిగి నీళ్లు తోడానని చెబుతుంటాను. దిగింది భాయ్. అతడు రాట కింద భుజం పెట్టాకనే నేతగాడు చేతులు దించుకోగలిగాడు. పక్కింటివాళ్లు ఇద్దరు వచ్చి రాటకు గుంజలు ఆనించారు. కోడలు బకెట్టు అందించింది. నాకు మిగిలింది చెంబు. పొద్దు వాలేదాకా చెంబుతో తోడాను. నేతగాడు నాతో ఒక్కటే మాట అన్నాడు. తిట్టలేదు, అరవలేదు.

“ఊటంట,” అన్నాడు.

మరుసటి పొద్దున ఆఫీసుకు పోయాను. చార్టును అధికారి బల్ల మీద విసిరికొట్టానని ఎక్కడైనా విని ఉంటే అది నా ప్రచారమే. మడిచి, మెల్లగా పెట్టాను.

“సార్, అది ఊట కాదు. నేను గోడ పక్కన గుంత పెట్టించాను. నీళ్లు మట్టిగోడ కిందనుంచి మగ్గం గుంతలోకి పోయినాయి.”

“నిన్న ఊట అన్నావు కదయ్యా?”

“అబద్ధం సార్.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “ఫోటో పైకి పోయింది. మెచ్చుకున్నారు. ఇప్పుడు కాదంటే నన్నేమంటారు?”

“ఆ పది ఇళ్లలో తవ్వితే పది మగ్గాలు కూలతాయి సార్.”

చాలాసేపు ఆలోచించాడు. మగ్గాల గురించి అనుకునేరు, ఫోటో గురించి. చివరకు దారి కనిపెట్టాడు. “గుంతలు గోడకు దూరంగా, ప్రహరీ మూలలో తవ్వించు. మగ్గం ఎక్కడుందో ముందు లోపలికి పోయి చూడు. ఊట మాత్రం ఊటలాగే ఉండనీ.”

నేను ఒప్పుకున్నాను. రిపోర్టులో ఆ ఊట ఇప్పటికీ ఊరుతూ ఉంటుంది. రెండు నెలలకు నన్ను గాండ్లపెంటకు బదిలీ చేశారు. నిజం మాట్లాడినందుకు శిక్ష అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఆ జాబితాలో నాతోపాటు ఇంకో ఇరవై మంది ఉన్నారు, వాళ్లెవరూ జన్మలో నిజం మాట్లాడినవాళ్లు కారు.

అధికారితో మాట్లాడిన ఆ పొద్దుననే అర్ధరోజు సెలవు పెట్టి, ఆఫీసు పార ఒకటి తీసుకుని ఆ ఇంటికి పోయాను. రాట నిలబెట్టేశారు, చుట్టూ కొత్త రాళ్లు కొట్టి బిగించారు. నేతగాడు తెగిన పోగులను ఒక్కొక్కటే వెతికి, కొసకు కొస కలిపి వేళ్లతో నులిమి అతుకుతున్నాడు.

“బట్ట తడిసిందా అమ్మా?” అన్నాను కోడలితో.

“నేసిన బట్ట తడవలే సార్. పోగులే పోయినాయి.”

“శ్రావణానికి అందుతుందా?”

“మీరు ఇంగోసారి రాకుంటే అందుతాది,” అంది అవ్వ మూలనుంచి.

నేనేం చేయగలనని నేతగాణ్ణి అడిగాను. అతడు తలెత్తకుండా ఒక పోగు కొస నా వేళ్ల మధ్య పెట్టాడు. “ఇది పట్టుకోప్పా. లాగొద్దు, వదలొద్దు.”

అప్పటిదాకా నన్ను సార్ అన్నవాడు. ఆ ‘అప్పా’లో గౌరవం తగ్గిందో, చనువు పెరిగిందో నాకు తెలియలేదు. తెలుసుకుందామని నోరు తెరిచాను.

“మాట్లాడొద్దు. మాట్లాడితే నీ చెయ్యి అదురుతాది.”

అలా నోరు మూసుకుని కూర్చున్నాను. నా ఉద్యోగ జీవితంలో అంతసేపు ఊరకున్నది అక్కడే. వెయ్యి పోగులు పట్టానని చెప్పాలని ఉంది. పది పట్టాను. పదకొండోది నా చేతిలో తెగింది. ఏమీ లేదు, ‘అయ్యో, నా వల్ల కదా...’ అని క్షమాపణ మొదలుపెట్టాను, అంతే.

“ఈయప్పను బయటికి పంపురా,” అంది అవ్వ. “ఆయప్ప గుంత ఆయప్పను పూడ్చుకోనీ.”

బయటికి వచ్చి పూడ్చాను. ముందు ఇసుక, కంకర, పెద్దరాళ్లు ఒక్కొక్కటే పైకి తీసి, తరువాత బంకమన్ను పోసి దిమ్మిసతో కొట్టాను. భాయ్ మిద్దె గొట్టాన్ని తిప్పి, ప్రహరీ మూలన మేం నాటిన నిమ్మమొక్క వైపు కాలువ తీశాడు. గుంత పూడ్చింది మాత్రం నేనొక్కణ్ణే. దీన్ని మీరు నమ్మాలి. నా చేతులు వారం రోజులు ముద్ద కలపలేకపోయాయి.

ఇంతకీ మీకు చెప్పొచ్చేదేమంటే, ఎవరి పెరడైనా గీసేముందు ఆ ఇంట్లోకి పోయి, కూర్చుని, గ్లాసుడు మజ్జిగ తాగండి. వాళ్లు ఏ మాటకు ఏ అర్థం పెట్టుకుని బతుకుతున్నారో వినండి. కరువు తట్టుకునే మొక్కల పేర్లు ఎవడైనా చెబుతాడు, మీ ఫోనూ చెబుతుంది.

పని ముగించి చెమట తుడుచుకుంటుంటే అవ్వ వచ్చి, పూడ్చినచోట కాలితో తొక్కి చూసింది. గట్టిగానే ఉంది. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

“అవ్వా, ఈ జాగాలో తక్కువ నీళ్లతో బతికేది ఏదన్నా వేద్దామా? సీతాఫలం ఐతే...”

“మంచం ఏసుకుంటా,” అంది అవ్వ.

అని లోపలికి పోయి, నులకమంచం ఈడ్చుకొచ్చి, సరిగ్గా నా నీలం పెన్సిలు గుండ్రం మీద వేసి, గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఒక్క చెంబు నీళ్లు అడగకుండా ఆ మంచం ఇప్పటికీ అక్కడే ఉందని రాయబోయాను.

నాకు తెలియదు. ఆ వీధికి నేను మళ్లీ పోలేదు.